లోపలినుంచి పడిన సొట్టలు

మా అన్నయ్య ఈనాటికీ లాండ్రీ షట్టర్ దించేముందు లోపలికి తలపెట్టి కేకేస్తాడు. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని ఒకసారి, కాసేపాగి మళ్ళీ ఒకసారి. ఎవరూ పలకకపోయినా ఊరుకోడు. డ్రయ్యర్ల దాకా నడిచివెళ్ళి, బల్ల కిందకి వంగి చూసి, అప్పుడొచ్చి కొక్కెం అందుకుంటాడు. కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. ముసలాయనకి చాదస్తం ముదిరిందని నా ముందే అన్నవాళ్ళున్నారు. నేనూ నవ్వేసి ఊరుకుంటాను. ఆ చాదస్తం ఏ వేసవిలో పట్టుకుందో నాకు తెలుసు, వదినకి తెలుసు.

మాది హోటళ్ళకీ ఆసుపత్రికీ దుప్పట్లు ఉతికే లాండ్రీ. పేరుకి లాండ్రీ గానీ చూడ్డానికి గోదాములా ఉంటుంది. ఏటవాలుగా ఇనప రేకుల కప్పు, వెలుతురు కోసం అక్కడక్కడా ప్లాస్టిక్ రేకులు, రోడ్డు వైపు ఒకే ఒక్క వెడల్పాటి షట్టర్. దాని పక్కనే గోడకి అతికించినట్టు నా ఆఫీసు గది. అందులో నేనూ, ఫోనూ, ఎప్పుడూ ఎవరో ఒకరి ఫిర్యాదూ. వెనకాల బాయిలరు గది, దాని గోడకి కప్పు మీదకి వెళ్ళే ఇనప నిచ్చెన. లోపల మెషీన్లన్నీ దాటుకుని వెళితే చివర్న మడతల బల్ల. దాని చుట్టూ నిలబడి ఆడవాళ్ళు దుప్పట్లు మడతపెడతారు. మధ్యాహ్నం మెషీన్లు ఆపాక అన్నయ్య ఆ బల్ల దగ్గరే కూర్చుని భోంచేస్తాడు.

క్యారియరు వదిన తెస్తుంది. మా వదిన నోట్లో నాలుక లేని మనిషని చుట్టాలందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆ మెచ్చుకోలులో నా వంతూ ఉంది. పెళ్ళి మాటెత్తితే ఒంటికాలి మీద లేచే ఆడపడుచుని ఇన్నేళ్ళుగా ఇంట్లో పెట్టుకుని ఒక్క పుల్లవిరుపు మాట అనని మనిషిని మెచ్చుకోకపోతే నాకు పుట్టగతులుండవు.

వడగళ్ళు పడింది భోజనాల వేళే. పనివాళ్ళు ఎదురుగా టీ కొట్టుకి వెళ్ళారు. ఆకాశం నీలిమందు ఎక్కువైన బకెట్టు నీళ్ళలా తయారైంది. అన్నయ్య వ్యానుని చూరు కిందకి లాగి, ఉతికిన దుప్పట్లు తలుపు దగ్గరే దొంతరగా ఉన్నాయని గుర్తొచ్చి, పరిగెత్తుకొచ్చి షట్టర్ దించేశాడు. దించి, బయట గడియ వేసి నా గదిలోకి దూరాడు. ఇంతలో మొదలైంది. అలాంటి చప్పుడు నేను అంతకుముందు వినలేదు. చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడేది కాదు. రోడ్డు మీద నిమ్మకాయలంతేసి గడ్డలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇద్దరం నా ఆఫీసు బల్ల పట్టుకుని అలాగే నిలబడ్డాం. వదిన క్యారియరు ఇచ్చి వెళ్ళిపోయిందనే ఇద్దరం అనుకున్నాం.

ఆగాక, రోడ్డంతా తెల్లగా ఉంది. అన్నయ్య షట్టర్ ఎత్తాడు. దాని అంచు పైకి లేస్తూ ముందు రెండు పాదాలు చూపించింది, తర్వాత చేతులు, తర్వాత వదిన మొహం. సరిగ్గా షట్టర్‌కి ఆనుకుని నిలబడి ఉంది. జుట్టంతా తడి. వెనకాల ప్లాస్టిక్ రేకులు పగిలి, నేలంతా మంచు ముక్కలు.

అన్నయ్య ఆమెని చూశాడు. చూసి, ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు.

"డ్రయ్యర్లు తడిశాయా?"

"లేదండీ. దుప్పట్లు కప్పాను."

"హమ్మయ్య," అంటూ లోపలికి పరిగెత్తాడు. వదిన పక్కకి జరిగి దారిచ్చింది. నేను చీపురు కోసం వెళ్ళాను.

*

ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు తర్వాతి వారం వచ్చాడు. గొడుగేసుకుని, ఎండ నడినెత్తిన ఉండగా కప్పెక్కాడు. అన్నయ్య వెంట ఎక్కాడు, వెనకే నేను. పొద్దున్న అన్నయ్య నాకు వేలు పెట్టి చూపించిన సొట్టలు ఆ వేళకి ఒక్కటీ లేవు. రేకు అద్దంలా నున్నగా మెరుస్తోంది. అన్నయ్య వంగి చేత్తో తడుముతున్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"ఏవండీ మరి?" అన్నాడు సర్వేయరు మర్యాదగానే.

"పొద్దున్న ఉన్నాయండీ."

"ఉన్నవి ఎక్కడికి పోతాయి సార్?"

సాయంత్రం మళ్ళీ ఎక్కి చూస్తే, ఒక్కటీ తప్పకుండా అన్నీ తిరిగొచ్చి ఉన్నాయి.

కంపెనీ జవాబు తొందరగానే వచ్చింది. పగిలిన ప్లాస్టిక్ రేకులకి ఇస్తారట. ఇనప రేకులకి మాత్రం ఏమన్నా సొట్టలుంటే అందం చెడింది తప్ప పని చెడలేదట. కారడం పాత స్క్రూలు తుప్పుపట్టడం వల్లట. పాలసీలో అందానికి చోటు లేదట.

కారుతున్నది మాత్రం నిజం. వడగళ్ళ దెబ్బకి రేకులు కుంగి, స్క్రూల కింద రబ్బరు వాషర్లు చిట్లిపోయాయి. వేసవి జల్లు ఒక్కటి పడితే చాలు, ఆరిన తెల్లటి దుప్పటి మీద గోధుమరంగు చుక్క పడేది. ఆసుపత్రి వాళ్ళకి ఆ రంగు చుక్కంటే ఎండిన నెత్తురే. కట్టలకి కట్టలు తిప్పి పంపడం మొదలుపెట్టారు. వానాకాలం వచ్చేలోగా కప్పు మార్చకపోతే వేరే లాండ్రీ చూసుకుంటామని తేల్చి చెప్పారు. ఆసుపత్రి పోతే మాకు మిగిలేది రెండు హోటళ్ళూ, ఒక బాయిలరూ. షట్టర్ దించేసుకుని ఇంటికి పోవడమే. కంపెనీ దయ తలిస్తే తప్ప అంత కప్పు మార్చే తాహతు మాకు లేదు.

అన్నయ్యకి కప్పు పిచ్చి పట్టుకుంది. అన్నం తింటూ కప్పు గురించే. స్నానానికి వెళుతూ తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగిపోయి, "తూర్పు వాలు మీద సొట్టలు ఎక్కువ, గమనించావా?" అనేవాడు. ఒక్కో సొట్టకీ సుద్దముక్కతో సున్నా చుట్టి ఫొటో తీసేవాడు. ఎక్కడ తగిలింది, ఎంత లోతు, ఏ వైపు నుంచి. ఇంట్లో మా ముగ్గురం మాట్లాడుకునే మాటల్లో మూడొంతులు రేకులే. వదిన వడ్డిస్తూ వినేది. ఆ వేసవంతా ఉక్కలో కూడా ముదురు నీలం శాలువా ఒకటి భుజాల చుట్టూ కప్పుకుని తిరిగింది. పై అలమర డబ్బాలు ఎడంచేత్తో అందుకునేది. టీలో అల్లం మానేసింది. ఏమైందని అడిగితే, "దంచే చిన్న ఇనప రోకలి కనపడట్లేదు పిల్లా," అంది. ముప్పై దాటినా వదినకి నేను పిల్లనే.

చప్పుడు మొదలైంది ఆ రోజుల్లోనే.

మధ్యాహ్నం, మెషీన్లు ఆగాక, ఆకాశంలో మబ్బు తునక లేనప్పుడు. నా గదిలోంచి మొదటిసారి విన్నాను. టక్. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్, టక్. తర్వాత ఎవరో గులకరాళ్ళు చల్లినట్టు గబగబా. చివర్న, అంతా అయిపోయిందనుకున్నాక, ఒక్కటి ఆలస్యంగా. నేను కుర్చీలోంచి లేచి రోడ్డు మీదకి వెళ్ళి పైకి చూశాను. ఎండ. రోడ్డు మీద కుక్క పడుకుని ఉంది. తెలియకుండానే నా చేయి వెనక్కి వెళ్ళి బల్ల అంచు వెతుక్కుంది, ఆ రోజు పట్టుకున్నట్టు.

లోపలికెళ్ళి అన్నయ్యని అడిగాను. బల్ల దగ్గర పెరుగన్నం కలుపుకుంటున్నాడు.

"వినలేదూ?"

"రేకే. ఎండకి సాగుతుంది, నీడపడితే ముడుచుకుంటుంది. సర్వేయరుకి ఈ మాట చెప్పాలి, రేకు బిగువు పోయిందనడానికి ఇది సాక్ష్యం," అన్నాడు ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

రెండో రోజూ, నాలుగో రోజూ వచ్చింది. ఎప్పుడూ ఒకే తీరు. మొదట తడబడి, తర్వాత కుమ్మరించి, ఆఖర్న ఆ ఒక్కటి. మడతలు పెట్టే ఆడవాళ్ళు బల్లకి ఆ చివర నిలబడడం మానేశారు. ఇస్త్రీ పెద్దమ్మ మా దగ్గర అందరికంటే పాతది, దేనికీ జంకే మనిషి కాదు. ఆవిడే ఒకరోజు నా గది గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అంది.

"కప్పుకి ఆ రోజు అలవాటైపోయిందమ్మా. మానలేకపోతోంది."

"ఊరుకో పెద్దమ్మా, నువ్వు కూడా."

"నేను ఊరుకుంటాను. దాన్ని ఊరుకోమను."

*

పాలసీలో ఒక దారి ఉందని ఎవరో చెప్పారు. కంపెనీ లెక్క ఒప్పుకోకపోతే మన తరఫున ఒకరిని పెట్టుకోవచ్చు. ఆ ఇద్దరూ కలిసి ఒక మధ్యవర్తిని ఎంచుకుంటారు. అతను తేల్చిందే లెక్క. అలా వచ్చింది మా తరఫు సర్వేయరు. బొద్దుగా, ఆయాసపడుతూ, నవ్వుతూ మాట్లాడే ఆవిడ. కంపెనీ మనిషి మధ్యాహ్నం చూసి వెళ్ళాడని వినగానే పకపకా నవ్వింది.

"ఎండ నిలువునా పడుతుంటే సొట్ట ఎలా కనిపిస్తుందండీ? నీడ ఉంటేగా. పొద్దు వాలాక చూడాలి. వాళ్ళకీ తెలుసు, అందుకే మధ్యాహ్నం వస్తారు."

నెత్తిన పాలు పోసినట్టయింది అన్నయ్యకి. మాయమై తిరిగొచ్చే సొట్టలకి ఒక కారణం దొరికినందుకు నాకూ ఊపిరి అందింది. పొద్దు వాలాక కప్పంతా తిరిగి, ఫొటోలు తీసుకుని దిగింది. వెళ్ళబోతూ షట్టర్ దగ్గర ఆగింది. దించిన షట్టర్ మీద అరచేయి పెట్టి, నడుము ఎత్తులో ఒకచోట అటూ ఇటూ తడిమింది.

"ఇవి వడగళ్ళవి కావు."

"ఎందుకు కావు?" అన్నాడు అన్నయ్య పోట్లాటకి సిద్ధంగా.

"మీరే పట్టుకు చూడండి. ఇవి బయటికి పొంగాయి. వడగళ్ళు లోపలినుంచి పడవు కదండీ," అని తన జోకుకి తనే నవ్వుకుంది. "ఏ ట్రాలీనో గుద్దుకుని ఉంటుంది. వదిలేద్దాం, వీటిని అడగొద్దు."

అన్నయ్య సరేనన్నాడు. నేను ఆవిడ వెళ్ళాక కూడా అక్కడే ఉన్నాను. ట్రాలీ గుద్దుకుంటే ఒకటో రెండో పడాలి. ఇవి ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి, గుత్తిగా ఉన్నాయి. కొన్నింటికి త్రికోణపు మొన దిగిన గుర్తు. పాత ఇస్త్రీపెట్టె ఒకటి షట్టర్ పక్కనే బరువు కోసం పెట్టుకునేవాళ్ళం. దాని మొన అలాగే ఉంటుంది. ఆ రోజు చెవులు పగిలే హోరులో ఈ చప్పుడు కూడా ఉందన్నమాట. అడ్డంగా ఒక్క గోడ ఉంది మాకూ దానికీ మధ్య. విన్నాం, వడగళ్ళనుకున్నాం. నా అరచేయి ఆ రేకు మీదనుంచి తీయబుద్ధి కాలేదు, ఉంచడానికీ భయమేసింది.

ఆవిడ మళ్ళీ వచ్చింది, పడమటి వాలు ఫొటోలు ఇంకొన్ని కావాలని. దిగి తిన్నగా నా గదిలోకొచ్చి తలుపు చేరేసింది. ఈసారి నవ్వలేదు.

"మొదటిసారి ఫొటోల్లో లేనివి ఇప్పుడున్నాయమ్మా. కొన్నే. చిన్నవి, లోతుగా, మధ్యలో రంగు లేచింది. వడగళ్ళ సొట్ట వెడల్పుగా ఉంటుంది, రంగు చెదరదు. ఎవరో ఇనుముతో కొడుతున్నారు."

"మాకేం అవసరమండీ? ఉన్నవే బోలెడు."

"అదే నేనూ అంటున్నది. మీది నికార్సైన క్లెయిము. కానీ ఇలాంటిదొకటి మధ్యవర్తి కంటపడితే కంపెనీ వాడు పండగ చేసుకుంటాడు. మోసం అని రాస్తాడు. మొత్తం పాలసీయే పోతుంది. మీ అన్నయ్యకి చెప్తే అరిచి గోల చేస్తాడని మీకు చెప్తున్నాను. ఎవరో కనుక్కుని ఆపించండి."

మర్నాడు మధ్యాహ్నం చప్పుడు మొదలవగానే నేను రోడ్డు మీదకి వెళ్ళలేదు. పక్కసందులోంచి వెనక్కి వెళ్ళాను. బాయిలరు ఆపినా గోడ ఇంకా వేడిగా ఉంది. నిచ్చెన కింద ఒక జత చెప్పులు పక్కపక్కన పెట్టి ఉన్నాయి, ఇంటి గుమ్మం ముందు విడిచినంత పొందిగ్గా. వాటి పక్కన క్యారియరు సంచి. పైన టక్, టక్.

నేను నిచ్చెన ఎక్కలేదు. ఆ ఆఖరి ఒక్కటీ పడేదాకా నిలబడి, తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. కాసేపటికి వదిన సందులోంచి వచ్చి, రోజూలాగే కిటికీలోంచి తలూపి ఇంటికి వెళ్ళిపోయింది.

*

సాయంత్రం వంటింట్లో వదిన పప్పు కడుగుతోంది. నేను గుమ్మానికి ఆనుకున్నాను. ఏమని మొదలుపెట్టాలా అని చూస్తున్నాను.

"చెప్పులు చూశావా?" అంది తనే, తల తిప్పకుండా.

"చూశాను."

"పెట్టేటప్పుడే అనుకున్నాను, ఎవరైనా చూస్తారని."

"ఎందుకు వదినా? పాలసీ పోతుంది. మధ్యవర్తి వస్తున్నాడు, తెలుసుగా?"

"తెలుసు. రోజూ వడ్డిస్తూ వింటున్నానుగా."

"మరి?"

నీళ్ళు వంపేసింది. "మీ అన్నయ్య సరిగ్గా ఆ కిందే కూర్చుని తింటారు. ఆ రోజు నేను ఆ బల్ల కిందే ఉన్నాను. అంతకుముందు షట్టర్ దగ్గర ఉన్నాను, ఆ మధ్యలో ప్లాస్టిక్ రేకులు పగిలాయి. రోజూ కొడుతున్నాను. తలెత్తి చూసి రేకు సాగుతోందంటారట."

"అవును. సాక్ష్యం అంటున్నాడు."

వదిన నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను. పై అలమర వైపు ఎడంచెయ్యి చాచింది. శాలువా జారింది. జాకెట్టు అంచు పక్కన భుజం మీద, వీపు మీదకి, గుండ్రటి మచ్చలు. మానిపోతూ పసుపుకి తిరిగాయి. ఒకటి రెండు మాత్రం ఇంకా నల్లగానే ఉన్నాయి. కప్పు మీద సుద్దతో సున్నాలు చుట్టిన సొట్టలు నా కళ్ళముందు కదిలాయి. ఆ సైజే. నాకు ఏడుపొచ్చింది. నేను చీపురు కోసం వెళ్ళడం గుర్తొచ్చింది.

"అన్నయ్యకి ఇప్పుడే చెప్తాను," అన్నాను.

"చెప్పకు."

"ఎందుకు చెప్పకూడదు?"

"ఆయన నన్ను ఒక్క మాట అడగాలి. అడిగిన రోజున ఆపేస్తాను. నువ్వు చెప్పి అడిగిస్తే, అడిగింది నువ్వవుతావు." శాలువా సర్దుకుంది. "డబ్బా అందుకో పిల్లా, చెయ్యి లేవట్లేదు."

డబ్బా అందించాను. లాండ్రీ మునుగుతుందని తెలిసీ ఆవిడని ఆపలేదు, అన్నయ్యకి చెప్పనూలేదు. అప్పటికి నాకు ఆవిడ అడిగింది ఎక్కువేమీ అనిపించలేదు.

*

మధ్యవర్తి వచ్చిన రోజు పనికి సెలవిచ్చాం. వయసు మళ్ళిన ఇంజనీరు, మాట పొదుపు, మోకాళ్ళు మాత్రం మెట్టు మెట్టుకీ మాట్లాడేవి. పొద్దు వాలాకే వచ్చాడు. కంపెనీ సర్వేయరు, మా తరఫు ఆవిడ, అన్నయ్య, నేను అతని వెనక కప్పెక్కాం. వదిన లోపల మిగిలిపోయిన దుప్పట్లు మడతపెడుతోంది.

అతను సుద్దముక్కల డబ్బా తీశాడు. "చుట్టడం కాదు, రుద్దాలి," అని చూపించాడు. సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని రేకు మీద రుద్దితే రేకంతా తెల్లబడుతుంది. సొట్ట లోతులోకి సుద్ద దిగదు గనక అది నల్లగా మిగిలిపోతుంది. అన్నయ్య కూడా ఒక ముక్క తీసుకుని మోకాళ్ళ మీద వంగాడు. తెల్లబడుతున్న రేకు మీద ఒక్కోటీ కన్ను తెరిచినట్టు బయటపడసాగాయి. ఎటు చూసినా అవే, మమ్మల్నే చూస్తున్నట్టు. కంపెనీ సర్వేయరు కూడా వంగి చూడసాగాడు.

"తూర్పు వాలు వడగళ్ళే. స్క్రూల దగ్గర కుంగింది. ఇది అందం సంగతి కాదు," అన్నాడు మధ్యవర్తి. అన్నయ్య కళ్ళు చెమర్చాయి.

తర్వాత పడమటి వాలుకి వెళ్ళారు. రుద్దుకుంటూ రుద్దుకుంటూ అన్నయ్యే ముందుకెళ్ళాడు. ఒకచోట ఆగిపోయాడు. అక్కడ సొట్టలు మనిషి కూర్చుంటే పట్టేంత చోటులో గుంపుగా ఉన్నాయి. చిన్నవి, లోతైనవి, రంగు లేచినవి. పక్కనే సుద్దలో రెండు వెడల్పాటి మరకలు. అక్కడ ఎవరో చాలాసార్లు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"ఇవేంటి?" అన్నాడు కంపెనీ సర్వేయరు. గొంతులో ప్రాణం లేచొచ్చింది.

అన్నయ్య బొటనవేలు ఒక సొట్టలో పెట్టాడు. సరిగ్గా పట్టింది. అల్లం దంచే రోకలి మొన ఎంతుంటుందో రోజూ టీ తాగే మనిషికి తెలియకుండా ఉంటుందా. తలెత్తి కప్పు చివరికి చూశాడు, గోడ నుంచి ఎంత దూరమో కొలుచుకుంటున్నట్టు.

"దీని కింద ఏముంది?" అని నన్నడిగాడు.

"మడతల బల్ల."

పగిలిన ప్లాస్టిక్ రేకు పక్కనే ఉంది, దాని మీద కప్పిన పట్టా గాలికి లేచి పడుతోంది. కింద వదిన దుప్పటి విదిలిస్తున్న చప్పుడు. అన్నయ్య దూరంగా రోడ్డు వైపు, షట్టర్ ఉండే వైపు చూశాడు. మా తరఫు ఆవిడ ఆ రోజు వేసిన జోకు అప్పటికి అతని దగ్గరికి చేరిందని నాకు అర్థమైంది.

"ఇది ఇనుముతో కొట్టింది సార్, రాసుకోండి," అంటున్నాడు కంపెనీ సర్వేయరు మధ్యవర్తితో. "వీళ్ళ మనుషులే అయ్యుంటారు."

మా తరఫు ఆవిడ నోరు తెరవబోయింది. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేనే. రాసుకోండి. ఇవి నావల్ల పడ్డవి," అన్నాడు.

"మీరే కొట్టారా?" అన్నాడు మధ్యవర్తి.

"నావల్ల పడ్డవి," అని అదే మాట మళ్ళీ అన్నాడు.

మధ్యవర్తి అతని మొహం కాసేపు చూసి కాగితం మీద ఏదో గీశాడు. దాని ఫలితం తర్వాత తెలిసింది. మొత్తం రద్దు చేయాలని కంపెనీ గట్టిగానే పట్టుబట్టింది. అడగని సొట్టలకి మోసమెలా అవుతుందని అతను అన్నాడట. చివరికి తూర్పు వాలుకి ఇచ్చారు, పడమటి వాలుకి ఇవ్వలేదు. సగం కప్పుతో, పట్టాలతో, అప్పులతో ఆ వానాకాలం ఈదాం. ఆసుపత్రి వాళ్ళు తిట్టుకుంటూనే మాతో ఉండిపోయారు. పడమటి వాలు తర్వాతెప్పుడో మార్చాం గానీ, మడతల బల్లకి పైన ఉన్న ఆ ఒక్క రేకుని అన్నయ్య మార్చనివ్వలేదు.

కానీ ఆ సాయంత్రానికి ఇవేవీ మాకు తెలియవు. అంతా పోయిందనే అనుకున్నాం. వాళ్ళు వెళ్ళిపోయాక అన్నయ్య లోపలికి నడిచాడు, వెనకే నేను. వదిన దుప్పటి మడత సగంలో ఆపి చూసింది. అన్నయ్య ఆమె వైపు వెళ్ళలేదు. బల్ల కిందకి వంగి, దూరి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. అంత మనిషి.

"పైకెళ్ళి కొట్టు. ఈసారి వింటాను," అన్నాడు.

వదిన దుప్పటి మడత పూర్తిచేసి బల్ల మీద పెట్టింది. తర్వాత సంచిలోంచి రోకలి తీసుకుని బయటికి నడిచింది.

"షట్టర్ దించు," అన్నాడు అన్నయ్య బల్ల కిందనుంచి నాతో.

దించాను. బయట రోడ్డు మీద నిలబడ్డాను. మొదలైంది. టక్. తర్వాత టక్, టక్. తర్వాత కుమ్మరింపు. ఆకాశం నిర్మలంగా ఉంది. ఎప్పటికంటే ఎక్కువసేపు పడింది. వదినకి ఏ చెయ్యి నొప్పి పుట్టిందో, ఎక్కడ ఏడ్చిందో నాకు తెలియదు. ఆఖరి ఒక్కటీ పడ్డాక, షట్టర్ మీద లోపలినుంచి అరచేత్తో కొట్టిన చప్పుడు. పొంగిన చోటే. మెల్లగా, మళ్ళీ మెల్లగా.

ఎత్తాను. ముందు పాదాలు కనిపించాయి, తర్వాత సుద్ద అంటిన చేతులు, తర్వాత అన్నయ్య మొహం. షట్టర్‌కి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

వదిన సందులోంచి వచ్చింది, చెప్పులు చేత్తో పట్టుకుని. ఇద్దరూ గుమ్మానికి అటొకరు ఇటొకరు.

"నీకు ఎక్కడ తగిలింది?" అన్నాడు.

వదిన రోకలి నా చేతికిచ్చింది. ఆయనకి వీపు తిప్పి నిలబడింది.

"ఇప్పుడేం కనపడదండీ. పోయాయి."

"చూపించు."

అన్నయ్య చెయ్యి ఎత్తి, నీలం శాలువా మీద భుజం దగ్గర వేలు పెట్టాడు. తెల్లటి సుద్ద మచ్చ పడింది.

"ఇక్కడా?"

"కాదు. ఇంకొంచెం కింద."

వేలు ఇంకొంచెం కిందకి జరిపాడు.